స్లాబు ఇంటి గోడకు పట్టిన రోగం

నా చిన్నప్పుడు దేవుడు మా ఊరికి నెలకోసారి, పాస్టరుగారి సైకిల్ వెనక కూర్చుని వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆయన పనులన్నీ సంఘపెద్ద చూసుకునేవాడు. మేము సంఘపెద్దకే ఎక్కువ భయపడేవాళ్ళం. ఆయన ఊళ్ళోనే ఉండేవాడు కదా.

మాది కరీంనగర్ జిల్లాలో చిన్న ఊరు. మా వాడలో గుప్పెడు ఇళ్ళు, ఒక పెంకుల ప్రార్థనాలయం. ఎవరింట్లో తగవు వచ్చినా తీర్పు చెప్పే పద్ధతి ఒకటుండేది. సంఘపెద్ద కళ్ళు మూసుకుని పరిశుద్ధ గ్రంథం ఎక్కడో ఒకచోట తెరిచి వేలు పెట్టేవాడు. వేలి కింద ఏ వాక్యం ఉంటే అదే తీర్పు. ఒకసారి పొలం గట్టు పంచాయితీకి వేలు పెడితే ఎవరో రాజుగారి ఒంటెల లెక్క వచ్చింది. మా ఊళ్ళో ఎవరూ ఒంటెను చూసి ఎరగరు. అయినా రెండు కుటుంబాలూ కన్నీళ్ళు పెట్టుకుని రాజీ పడ్డాయి.

నేను ఆరో తరగతిలో ఉండగా ఎడమ చెంప మీద తెల్లమచ్చ వచ్చింది. అది మెల్లగా మెడ మీదికి దిగింది. బాపు నన్ను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు మచ్చ మీద దూదితో నిమిరాడు, సూదితో గుచ్చాడు. నేను కెవ్వుమంటే ఆయన ముఖం వెలిగిపోయింది. స్పర్శ ఉంది కాబట్టి కుష్ఠు కాదు, బొల్లి, ఎవరికీ అంటదు, ఫికర్ చేయొద్దన్నాడు. నా ఏడుపు ఇంకొకరిని అంతగా సంతోషపెట్టడం అదే మొదలు. తిరుగు బస్సులో, వేములవాడ నుంచి వస్తున్న గుండు భక్తుల మధ్య నిలబడి బాపు నాకు మిర్చిబజ్జీలు తినిపించాడు. ఆ సంతోషం ఆదివారం దాకా నిలిచింది.

ఆదివారం సంఘపెద్ద నన్ను ముందుకు పిలిచి అందరి ఎదుట నిలబెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. పేజీలు తిప్పాడు. వేలు సరిగ్గా పోయి చర్మరోగుల అధ్యాయం మీద వాలింది. రెండు కళ్ళలో ఒకటి అంత గట్టిగా మూసుకోలేదని మా నాయినమ్మ తర్వాత అంది. రోగం ఉన్నవాడు బట్టలు చింపుకోవాలి, అపవిత్రుడినని కేక వేయాలి, పాళెం బయట ఒంటరిగా బతకాలి అని ఆయన చదివి వినిపించాడు. పాళెం అంటే డేరాల గుంపు. మా ఊళ్ళో డేరాలు లేవు కాబట్టి, మా వాడనే పాళెం అనుకోమన్నాడు.

అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం; బట్టలు చింపడానికి అవ్వ ఒప్పుకోలేదు. నాకున్నవే రెండు గౌన్లు. కేక వేసే పనిని వాడలోని పిల్లలు సంతోషంగా అందుకున్నారు. నేను బోరింగు దగ్గరికి పోతే చాలు, "అపవిత్రం వస్తుంది, అపవిత్రం వస్తుంది" అని బిందెలు తీసుకుని ఉరికేవాళ్ళు. పని మొత్తం వాళ్ళే చేస్తే ఇక నాకేం మిగులుతుందని అవ్వతో అన్నాను. అవ్వ నవ్వలేదు.

మిగిలింది పాళెం బయటికి పోవడం. రెండు బస్సులు మారితే మిషన్ వాళ్ళ కుష్ఠు ఆశ్రమం ఉంది, పిల్లను అక్కడ దింపి రమ్మని సంఘపెద్ద బాపుకు చెప్పాడు. డాక్టరు మాట బాపు చెప్పబోతే, డాక్టరు పెద్దనా దేవుడు పెద్దనా అని అడిగాడు. అలా అడిగితే ఎవరేం చెబుతారు? కాదంటే సంఘం వాళ్ళు మా ఇంట్లో పెళ్ళికి రారు, పీనుగు లేస్తే మోయరు. బాపు సంతకు పోయి ఒక రేకుపెట్టె కొనుక్కొచ్చాడు. దాని మీద గులాబీ పువ్వు బొమ్మ ఉంది. కూతురిని పంపించేసేటప్పుడు కూడా మనిషి పువ్వున్న పెట్టెనే ఏరుకుంటాడని అప్పుడు తెలిసింది. సోమవారం ప్రయాణం.

మా నాయినమ్మకు చదువు రాదు. మంచితనం కూడా అంతంతమాత్రమే. బోరింగు దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటే తగవు తీర్చేది ఆమె. తీర్చేముందు మాత్రం అందరినీ విసిగించేది. దానికంటే ముందు ఏమైంది, ఎవరు ఎవరిని అన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అని అడిగి అడిగి చంపేది. సగం తగవులు ఆ విసుగుకే తీరిపోయేవి. ఆ వారం ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ అధ్యాయం మొదటినుంచీ చదివించుకుంది. బోరింగు దగ్గర అడిగే ప్రశ్నలే అడిగింది.

"గీ మాట ఎవలకు చెప్పిండ్రు?"

ఎడారిలో తిరిగే జనానికి అన్నాను.

"వాళ్ళకు దవాఖాన ఉండెనా?"

లేదు, పూజారే వచ్చి మచ్చ చూడాలట. వారం ఆగి మళ్ళీ చూడాలట. మానితే లోపలికి తీసుకోవాలట.

"మల్ల మన పెద్దమనిషి నీ చెంప చూసిండా?"

"ఏడ చూసిండు? కండ్లు మూసుకుండు గద."

ముందుకు చదవమంది. తర్వాతి అధ్యాయంలో ఒకచోట ఆగమని, ఆ ముక్కను మూడుసార్లు చదివించుకుని నవ్వింది. అది మంచి నవ్వు కాదు. కోడి మెడ పట్టుకునే ముందు ఆమె అలాగే నవ్వేది.

శనివారం సాయంత్రం ప్రార్థన సంఘపెద్ద ఇంట్లో. మా వాడలో మొదటి స్లాబు ఇల్లు అది. వాన మూడు రోజులుగా పట్టు విడవలేదు. అందరూ ముందుగదిలో చాప మీద కూర్చున్నారు. నేను గడప అవతల, చెప్పుల మధ్య కూర్చున్నాను. స్లాబు అంచు నుంచి కారే నీళ్ళు వీపు మీద పడుతున్నాయి. పాట అయిపోగానే నాయినమ్మ గొంతు సవరించుకుంది.

"కొడుకా, పోయిన ఆదివారం నువ్వు సగమే చదివినవు. దేవుని మాట సగంల ఆపద్దు. మిగిలింది నా మనుమరాలు చదువుతది."

"గా పొల్ల లోపలికి రావద్దు చిన్నమ్మా."

"వస్తదని ఎవలన్నరు? గడప అవతల్నే ఉంటది. దాని గొంతుకు మచ్చ లేదు."

ప్రార్థనలో వాక్యం చదవొద్దని చెప్పిన సంఘపెద్ద ఇంతవరకు పుట్టలేదు. నేను చదివాను. ఇంటి గోడకు కూడా ఆ రోగం వస్తుంది. గోడ మీద పచ్చని మచ్చలు గాని ఎర్రని మచ్చలు గాని లోతుగా కనబడితే ఇంటాయన పోయి పూజారికి చెప్పాలి. పూజారి వచ్చేలోపు ఇంట్లో సామానంతా బయట పెట్టాలి. ఇంటికి వారం రోజులు తాళం వేయాలి. మచ్చ పాకితే రాళ్ళు పీకి ఊరి బయట పారేయాలి. అప్పటికీ తగ్గకపోతే ఇల్లు కూలగొట్టాలి.

నేను ఆపేసరికి గదిలో ఎవరూ నన్ను చూడడం లేదు. అందరూ గోడను చూస్తున్నారు. స్లాబు కారి, సున్నం పొక్కిపోయి, ఆ గోడ మీద పచ్చగా ఒకటి, ఎర్రగా ఒకటి, మధ్యలో ఏ రంగో తేలనిది ఇంకొకటి, నా మచ్చల కంటే ఎంతో ఆరోగ్యంగా పెరుగుతున్నాయి.

"లేవుండ్రి," అంది నాయినమ్మ. "సామాను బయట పెట్టాలె. దేవుని మాట."

మా వాడ ఆడవాళ్ళలో అంత భక్తి నేను ముందెప్పుడూ చూడలేదు. ఒకామె గోడ గడియారం దించింది. ఇద్దరు కొత్త దూది పరుపును పట్టుకుని నా మీదుగా వాకిట్లో వానలోకి విసిరారు. సంఘపెద్ద భార్య ఏడుస్తూ బిందెలకు అడ్డం పడింది. రేడియో వద్దు రేడియో వద్దు అని ఆయన అరుస్తుండగానే అది పరుపు మీదికి చేరింది. ఆమె ఏడుపు చూసి కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. బాగుంది, దాచడం ఎందుకు?

వెనక గదిలో పసుపు బస్తాలున్నాయి. ధర కోసం దాచిన ఏడాది పంట. తడిస్తే బూజు పట్టి పోతుంది. అప్పటిదాకా మూలన తల వంచుకుని కూర్చున్న మా బాపు లేచాడు. ఎవరితో ఏమీ అనకుండా లోపలికి పోయి ఒక బస్తా భుజానికి ఎత్తుకుని వచ్చాడు.

సంఘపెద్ద గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపాడు. "అరె, జర ఆగుండ్రి! గది గా దేశంల గా జనానికి చెప్పిన ముచ్చట! అప్పుడు డాక్టర్లు ఏడున్నరు, మేస్త్రీలు ఏడున్నరు? అన్నీ పూజారే చూసెటోడు. వాళ్ళ ఇండ్లు వేరు, మన ఇండ్లు వేరు. గిది ఉత్త వాన చెమ్మ! ముందు వెనక చూడకుంట ఒక్క ముక్క పట్టుకొని ఇల్లు ఆగం జేస్తరా?"

ఆ తర్వాత ఎంతోమంది పండితుల ప్రసంగాలు విన్నాను. గ్రంథాన్ని ఎలా చదవాలో ఇంత తక్కువ మాటల్లో, ఇంత మనస్ఫూర్తిగా చెప్పినవాళ్ళు లేరు.

"మల్ల పోయిన ఆదివారం ఎవలకు చెప్పిన ముచ్చట కొడుకా?" అని అడిగింది నాయినమ్మ. "గోడకైతే గా కాలం, నా మనుమరాలికైతే గీ కాలమా?"

ఆయన చాపిన చేతులు దించాడు. బాపు భుజం మీద బస్తా దించలేదు.

"పూజారి కండ్లు తెరిచి చూడాలని రాసి ఉంది. పో, చూడు."

ఆయన గడప దాటి వచ్చి నా ముందు వంగాడు. ఒక వేలితో చెంప తాకాడు. "ఏం లేదు. పొల్ల ఎక్కడికీ పోవద్దు," అన్నాడు. అని ఆ వేలిని ధోతికి తుడుచుకున్నాడు. అందరూ చూశారు. నాయినమ్మ కూడా చూసింది. అప్పుడు గాని బాపును బస్తా దించమనలేదు. పరుపును లోపలికి తెమ్మని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మేము ఇంటికి పోయేటప్పుడు అది వాకిట్లో నానుతూనే ఉంది.

సోమవారం నేను బస్సు ఎక్కలేదు. బడికి పోయాను. తర్వాతి ఆదివారం ప్రార్థనాలయంలో చాప మీదే కూర్చున్నాను. నాకు అటూ ఇటూ ఒక్కో మనిషి పట్టేంత ఖాళీ ఉండేది. నేను పెళ్ళయి ఊరు వదిలేదాకా అది అలాగే ఉంది. వాక్యానికి అర్థం సరిచేయడం ఒక సాయంత్రం పని. చాప మీద నా వైపు జరిగి కూర్చోవడానికి జనానికి అది సరిపోలేదు. కాళ్ళు చాపుకుని కూర్చునే వీలు ఆ సంఘంలో నాకొక్కదానికే ఉండేదని మాత్రం చెప్పుకోవాలి.

మచ్చలు ఆగలేదు. యాభై దాటేసరికి ఒకదానితో ఒకటి కలిసిపోయి తల నుంచి పాదం దాకా తెల్లబడ్డాను. మొన్నామధ్య ఆ అధ్యాయం మళ్ళీ చదువుతుంటే మధ్యలో ఒక మాట కనబడింది. ఒళ్ళంతా ఎక్కడా వదలకుండా తెల్లబడినవాడు పవిత్రుడట. చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఎవరినైనా పిలిచి చదివి వినిపించాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. అప్పుడు నాయినమ్మ అడిగిన మొదటి ప్రశ్న గుర్తొచ్చింది: గీ మాట ఎవలకు చెప్పిండ్రు? అది నాకు చెప్పిన మాట కాదు. ఎడారిలో ఎవరో ఒకడు, డాక్టరు లేని చోట, పూజారి ముందు ఒళ్ళు చూపించుకుంటూ నిలబడి, లోపలికి రానిస్తారా లేదా అని ఎదురుచూశాడు. ఆ మాట వాడిది. నేను చెయ్యి తీసేసి పేజీ తిప్పాను.