బాగున్నానమ్మా

జపాన్‌లో వృద్ధులను చూసుకునే నర్సు ఉద్యోగం కోసం అమలాపురంలో జపనీస్ నేర్చుకున్నాను. ఒకరోజు టీచరుగారు, ఆవిడ జపాన్ మనిషే, మీ బెంగలేమిటో చెప్పండని అడిగారు. క్లాసంతా ఒకటే జవాబు: "బాగానే ఉన్నామండీ." జ్వరంతో మూలుగుతున్నా మావైపు ఇదే మాట. ఆ అలవాటంటే నాకు ఒళ్లుమంట. అయినా నేనూ అదే అన్నాను. ఆవిడ నవ్వి "కొకొరోబొసోయి" అనే మాట నేర్పారు. తోడు లేక, రేపేమిటో తెలియక మనసు సన్నబడిపోవడమట.

ఆ సాయంత్రం అమ్మతో ఇంటికి వెళ్తూ ముక్తేశ్వరం రేవులో గోదారి దాటించే పంటు ఎక్కాను. మోటారుసైకిళ్ల మధ్య నిలబడితే కాళ్ల కింద బల్లలు మెల్లగా ఊగుతున్నాయి. మసకలో అవతలి ఒడ్డు కనిపించలేదు. కదులుతున్నది గోదారో మేమో తెలియలేదు. అమ్మకు ఆ మాట, దాని అర్థం చెప్పాను.

నా చిన్నప్పుడు అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసేది. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి "బాగున్నానమ్మా" అనేది.

అమ్మ ఆ జపనీస్ మాట నాచేత మళ్లీ చెప్పించుకుంది. నీళ్లవైపు చూస్తూ అంది:

"అక్కడ నాకుండేది ఇదేనే. ఏమనాలో తెలీక బాగున్నాననేదాన్ని."