ఎర్ర అక్షరాల మీద స్టిక్కరు

కొన్నేళ్లుగా నన్ను తొలుస్తున్నది ఒక స్టిక్కరు. బొటనవేలంత కాగితం. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

కడపలో నాకు కళ్లజోళ్ల అంగడి ఉంది. అంగడి దాటే ప్రతి వస్తువు మీదా మా పేరున్న స్టిక్కరు అంటించడం మా నాన్న పెట్టిన పద్ధతి. నేనూ అంతే, ఎక్కడ పడుతుందో చూడకుండానే అంటించేవాణ్ణి.

సలోమి బళ్లో టీచరు. పెళ్లి కుదిరాక మా దగ్గరే కాంటాక్ట్ లెన్సులు తీసుకుంది. వాటిని కడిగే మందు, ఆమె వాడే రకం, ఒకరోజు అంగట్లో అయిపోయింది. బదులుగా పెరాక్సైడ్ రకం ఇచ్చాను. అది మంచిదే. కానీ దాంతోపాటు వచ్చే డబ్బీలో లెన్సులు గంటల తరబడి నానాలి. అప్పుడే దాని ఘాటు విరుగుతుంది. నేరుగా కంట్లో పడితే మంట. ఆ హెచ్చరిక సీసా మీద ఎర్ర అక్షరాలతో ఉంటుంది. నోటితో కూడా చెప్పాలి. ఆరోజు జనం ఎక్కువ. చెప్పలేదు. అట్టపెట్టె నలిగిపోయిందని తీసేసి, సీసా, డబ్బీ మాత్రం చేతికిచ్చాను. స్టిక్కరు మరిచిపోలేదు. సరిగ్గా ఆ ఎర్ర అక్షరాల మీదే అంటించాను.

మర్నాడు పొద్దున తల్లి చేయి పట్టుకుని వచ్చింది. పాత అలవాటుకొద్దీ లెన్సును ఆ మందుతోనే కడిగి పెట్టుకుందట. వెంటనే తీసేసినా కుడికన్ను తెరవలేకపోతోంది. సెలైన్‌తో కడిగాను. కళ్లు మూసుకుని కూర్చోమన్నాను. డాక్టరు దగ్గరికి ఆటో పిలవమని తల్లిని బయటికి పంపాను. సీసా బల్ల మీద ఉంది.

గోటితో స్టిక్కరు గీకి జేబులో వేసుకున్నాను.

భయమా? అంగడి పేరు పోతుందనా? ఆ క్షణంలో ఏమీ ఆలోచించలేదని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను గానీ, తల్లిని పంపింది ఆటో కోసమేనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

తల్లి తిరిగి రాగానే ఆమెకు సీసా చూపించాను. "ఈడ ఎర్రగా రాసిండాది గదమ్మా, సూసుకోలేదా?"

"అంత సదువు సదివి ఈ ఒక్క ముక్క సదవలేకపోతివే!" అంది తల్లి, కూతురి తల నిమురుతూనే.

సలోమి మూసిన కళ్లతోనే నవ్వింది. "నాదే తప్పు, అన్నా. పెండ్లి తొందరలో నాకేమీ కనపడల్యా. మీరేం బాధపడాకండి."

నన్ను ఓదార్చింది.

కన్ను కొద్దిరోజుల్లో బాగైంది. పెళ్లిలో మాత్రం పాత కళ్లజోడుతోనే నిలబడింది. మళ్లీ లెన్సుల జోలికి పోలేదు. తనకంత జాగ్రత్త లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఇచ్చింది నేను.

మొన్న తన కూతురి మొదటి కళ్లజోడు కోసం వచ్చింది. "లెన్సులు పెట్టుకోవచ్చు గదమ్మా నువ్వు?" అనడిగింది పాప.

"మీయమ్మకు కండ్ల ముందరుండేదే కనపడదు. కావాలంటే ఈ మామనడుగు."

పాప నావైపు చూసింది. నేను అద్దాలు తుడిచి పాప ముక్కు మీద సరిచేశాను. మళ్లీ తీసి, తుడిచిన అద్దాలే తుడిచాను.

ఇప్పుడు స్టిక్కరు సంచి మీదే అంటిస్తాను. దానివల్ల ఏం మారింది? సలోమికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకైనా చెబుతున్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది. ఆరోజు ఆమె సీసా చూసింది. హెచ్చరిక ఉండాల్సిన చోట కనపడింది నా అంగడి పేరు.