పక్కింటి అన్న కుంటినడక

నా చిన్నప్పుడు బొల్లారం ఫ్యాక్టరీల పక్కన మేముండే బస్తీలో అందరికీ ఫుట్‌బాల్ పిచ్చి. మా బాపు పనిచేసే మందుల కంపెనీకి ఒక టీము ఉండేది. దానికి పెద్దదిక్కు కంపెనీ వెల్ఫేర్ ఆఫీసరు. బంతిని ఒక్కసారైనా తన్నిన పాపాన పోలేదు కానీ, గెలిచిన ప్రతిసారీ ముందు నిలబడి దండ వేయించుకునేది మాత్రం ఆయనే. గోల్స్ కొట్టేది మా పక్కింటి అన్న. ఆయన లేకపోతే మిగతా పదిమందీ సాయంత్రం గాలికి తిరగడానికి వచ్చినవాళ్లే. ఇది నేను ఇప్పుడు కోపం మీద అంటున్న మాట కాదు, అప్పుడే ఊరందరికీ తెలుసు. తెలియనిది ఆ పదిమందికే.

అన్నదీ మా బాపుదీ ఒకటే పని. పౌడరు ఎండబెట్టే డ్రయ్యర్ దగ్గర పొద్దటి షిఫ్టు బాపుది, మధ్యాహ్నం షిఫ్టు అన్నది. నడుస్తున్న మిషన్‌ను వదిలి కదలకూడదు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి చేతిలోకి తీసుకున్నాకే ముందు మనిషి ఇంటికి వెళ్లాలి. ఆ వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. మరి ఆటంతా సాయంత్రాలే కదా. అన్న మైదానంలో ఉన్న రోజున బాపుకు రిలీవర్ రాడు, పొద్దున వెళ్లిన మనిషి రాత్రిదాకా ఆ సెగలోనే నిలబడాలి. నీ బదులు వేరేవాణ్ణి పెట్టాం, నువ్వు ఆట చూసుకో అని అన్నకు చెప్పాడు ఆఫీసరు. కంపెనీ పరువు కోసం ఈ మాత్రం చేయలేవా అని బాపును దబాయించాడు. మా బాపు పర్మినెంటు కాదు. రేపటి నుంచి రావద్దని గేటు దగ్గర చెబితే అంతే సంగతులు. అందుకని నోరెత్తలేదు. పిల్లవాడి ఆట పాడవుతుందని అన్నకు కూడా చెప్పలేదు. కప్పులు, ఫోటోలు వాళ్లకు దక్కాయి, కాళ్ల వాపులు మా బాపుకు దక్కాయి.

సెమీఫైనల్ గెలిచిన రోజు రాత్రి అన్న మిఠాయి పొట్లం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అప్పుడు బాపు కలిపిన అన్నంలో చెయ్యి అలాగే ఉంచి, కంచం ముందు కూర్చునే నిద్రపోతున్నాడు. అన్న నవ్వబోయాడు. మా అమ్మ మెత్తని మనిషే కానీ, ఆ రోజు ఆమెకు కడుపు మండిపోయింది.

"నువ్వు ఆడినప్పుడల్లా నీ మిషన్ కాడ ఈయననే నిలబెడుతున్నరు బిడ్డా. నీకెవ్వరూ చెప్పలేదా?"

 అన్న పొట్లం గూట్లో పెట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే వీధిలో కుంటుతూ కనిపించాడు. మోకాలు పోయింది, ఇక జన్మలో ఆడలేనని ఆఫీసరుకు చెప్పేశాడట. ఇంకా పెళ్లి కూడా కాని వయసు. ముందేమో ఫైనల్ ఉంది.

ఇక చూడాలి ఆ మొనగాళ్ల అవస్థ. ముందు నమ్మలేదు. నరాలు సరిచేస్తానని చెప్పుకు తిరిగే ఒకణ్ణి పట్టుకొచ్చారు. వాడు మోకాలు అటూ ఇటూ తిప్పుతుంటే అన్న పెట్టిన కేకలకు వీధి కుక్కలు మొరిగాయి. వాడు గంభీరంగా తలూపి, నరం మీద నరం ఎక్కిందని తేల్చాడు. వాడి వైద్యమూ ఆ టీము ఆటా ఒక్కలాంటివే. తర్వాత నిమ్మకాయలతో దిష్టి తీశారు. అదీ చాలలేదని కంపెనీ జీపు వేసుకొని ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ గుడికి వెళ్లి, అన్న చొక్కాను అమ్మవారి ముందు పెట్టి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. మొక్కులన్నీ మొక్కారు గానీ, దుక్కల్లాంటి మగవాళ్లు పదిమందిలో ఒక్కడైనా నేను ఇంకొంచెం పరుగెత్తుతానని అనలేదు. చివరికి ఆ చొక్కా ఆఫీసరు బామ్మర్దికి తొడిగారు. బంతి తూర్పుకు పోతే ఆయన పడమరకు పోయేవాడు.

ఫైనల్లో చిత్తుగా ఓడిపోయారు. ఓడినవాళ్లు సిగ్గుపడి ఇళ్లకు పోవాలి కదా, ఆ రాత్రే గుంపుగా అన్న ఇంటి ముందుకొచ్చి, టీమును ముంచినవాడని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయన గడప మీద కూర్చొని మోకాలికి పసుపు రాసుకుంటూ అన్నీ విన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు కుంటోడనే పేరు స్థిరపడింది. వాళ్ల మొహాలు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను నల్లా దగ్గర బిందె పెట్టుకొని కూర్చున్నాను. షిఫ్టుకు వెళ్తున్న అన్నను టీము కెప్టెన్ స్కూటర్ అడ్డం పెట్టి ఆపి, ఎగతాళి చేస్తూ నిలబడ్డాడు. ఈలోగా మూల మీద ఆగిన కంపెనీ బస్సు కదిలిపోయింది. అన్న ఆ బస్సు వైపే చూస్తున్నాడు. కెప్టెన్ స్కూటర్ మలుపు తిరిగిందో లేదో, పరుగందుకున్నాడు. అబ్బ, ఏం పరుగు అది! లారీని తప్పించి, సైకిళ్ల మధ్య నుంచి దూరి, అడ్డొచ్చిన గేదెను చుట్టేసి, బస్సు తలుపు రాడ్ అందుకొని ఎగిరి మెట్టెక్కాడు. అంతలో నన్ను చూశాడు. పెదాల మీద వేలు పెట్టుకొని, రెండో మెట్టు మాత్రం కుంటుతూ ఎక్కాడు. బస్సు నిండా ఉన్న కూలీలంతా కళ్లారా చూశారు. ఒక్కరంటే ఒక్కరు ఆఫీసరుకు చెప్పలేదు.

నేను బిందె అక్కడే వదిలేసి అమ్మ దగ్గరికి పరుగెత్తి, అన్న కాలు బాగానే ఉందని చెప్పాను. అమ్మ నా నోరు మూసింది. అసలు కారణం బయటపడితే, బాపే మొరపెట్టుకున్నాడని ఆఫీసరు అనుకుంటాడట.

"ఎవ్వరితోని అనకు బిడ్డా. ఆ కాలు మంచిగున్నదని తెలిస్తే మీ బాపు పని పోతది."

కాసేపటికి బాపు ఇంటికి వచ్చాడు. ఇంకా ఎండ ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, నిద్రపోకుండా, మెల్లగా అన్నం తిన్నాడు.

అన్న ఏళ్ల తరబడి అలాగే కుంటుతూ తిరిగాడు. పెళ్లి పీటల మీదికి కూడా కుంటుతూనే నడిచాడు. బాపును పర్మినెంటు చేసినట్టు తెలిసిన రోజు రాత్రి మాత్రం మిఠాయి పొట్లంతో మా గుమ్మంలోకి నిటారుగా, చకచకా నడిచి వచ్చాడు. బాపు ఆయన కాళ్ల వైపు చూశాడు.

"మోకాలు తగ్గిందా బిడ్డా?"

"ఇయ్యాలనే తగ్గింది కాకా."

వాళ్లిద్దరూ ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఆఫీసరు మాత్రం, చూశారా, మేం కొట్టిన కొబ్బరికాయ మహిమ అని చెప్పుకు తిరిగాడు. మళ్లీ ఆడమని కబురు కూడా పంపాడు, సిగ్గు లేకుండా. అన్న ఆ కబురు తెచ్చినవాడికి టీ తాగించి పంపేశాడు.

ఇప్పుడు నేను తెల్లాపూర్‌లో నా కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్నాను. కింద పచ్చటి తివాచీలాంటి మైదానంలో వారం వారం ఫుట్‌బాల్ ఆడతారు, మెడల్స్ వేసుకుంటారు, చప్పట్లు కొట్టుకుంటారు. నా చేతులు అంత తొందరగా లేవవు. వీళ్లు ఇక్కడ ఆడుతుంటే అక్కడ వీళ్ల పని ఎవరు చేస్తున్నారని అడుగుతాను. మా మనవడు నానమ్మకు చాదస్తం అంటాడు. అననీ. గేటు దగ్గర డ్యూటీ అయిపోయిన వాచ్‌మన్ ఇంకా నిలబడే ఉంటే నేను కుర్చీ పట్టుకొని కిందికి దిగుతాను. ఆయన్ను కూర్చోబెట్టి, వాళ్ల సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి దులిపేస్తాను. రిలీవర్ వచ్చేదాకా ఫోన్ పెట్టను.