మాణిక్యాంబ గారు మా ఇంటి పెళ్ళికి ఎందుకు రాలేదు

మాణిక్యాంబ గారు ఇక లేరన్న దుర్వార్త నాకు మాచర్ల కోర్టు వరండాలో తెలిసింది. ఫోన్ చేసింది ఆవిడ భర్త. రిటైరైన తెలుగు లెక్చరరు, మేమంతా మాస్టారు అంటాం. "కోటీ, మీ మేడం వెళ్ళిపోయింది నాయనా" అన్నారు. పొద్దున కాఫీ తాగి, ఆఫీసుకు బయల్దేరుతూ గుమ్మం దగ్గర కూలబడిపోయారట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. చేతిలోని కేసు పక్క వకీలుకు అప్పగించి నరసరావుపేట బస్సెక్కాను. నిర్ఘాంతపోయిన మనసులో దుఃఖానికన్నా ముందు సిగ్గు వచ్చి కూర్చుంది. ఆ సిగ్గు ఇంకా లేవలేదు. అది ఎందుకో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

వెల్దుర్తి దగ్గర మెట్ట సేద్యం చేసుకునే కుటుంబంలో పుట్టి, గుంటూరులో న్యాయశాస్త్రం చదివి, నరసరావుపేట కోర్టు వీధిలో రెండు గదుల ఆఫీసు తెరిచారావిడ. భూమి దావాల్లో మంచి పేరు వస్తున్న రోజుల్లో వాటిని వదిలిపెట్టి విడాకుల పని ఒక్కటే చేపట్టారు. అర్జీ రాయడం దగ్గర్నుంచి, పెద్దమనుషులతో మాట్లాడటం, అత్తారింట్లో ఉండిపోయిన సారె సామాను తెప్పించడం, పిల్లలు ఎవరి దగ్గర ఉండి ఏ బడికి పోవాలో తేల్చడం దాకా అన్నీ అక్కడే జరిగేవి. బోర్డు మీద 'విడాకుల సేవలు' అని నిక్షేపంగా రాయించారు. తోటి వకీళ్ళు నొచ్చుకుని 'కుటుంబ వ్యవహారాలు' అని మార్పించమంటే, "పళ్ళ డాక్టరు నోటి వ్యవహారాలని రాసుకుంటాడా?" అని అడిగారు. నేను ఆ బోర్డు కింద జూనియరుగా చేరి ఇరవయ్యేళ్ళు దాటింది. నా ఇల్లు, నా పిల్ల చదువు, అన్నీ ఆ నీడలోనే అమరాయి.

మా ఆఫీసుకు ఏటా ఒక ప్రణాళికా సమావేశం ఉండేది. మేడం దాన్ని వైశాఖంలో, ఆ ఏటికల్లా బలమైన పెళ్ళి ముహూర్తం రోజునే పెట్టేవారు. చేరిన కొత్తలో నాకు అర్థం కాలేదు. "ఆరోజు ఊరు ఊరంతా పెళ్ళిళ్ళకు పోతుంది, కోర్టుకు సెలవులు, మన జోలికి ఎవరూ రారు. మనల్నీ ఎవరూ పిలవరు. ఇంతకన్నా తీరిక ఏం దొరుకుద్దిరా?" అన్నారు. నిజమే. సంసారాలు విడగొట్టే మనిషి పందిట్లో అడుగుపెడితే అశుభమని ఊరి నమ్మకం. ఆవిడ చేత కూతురికి విడాకులు ఇప్పించుకున్న తండ్రి కూడా, చిన్న కూతురి శుభలేఖను పెళ్ళయిన మర్నాడు అందేట్టు పోస్టులో వేసేవాడు. ఆవిడ ఆ కార్డుల్ని తిట్టుకోకుండా చదివి, ముద్రణ బాగుంటే బాగుందనేవారు.

ఆ సమావేశం తీరే వేరు. పల్నాడులో కాపురాల గొడవలు పంటను బట్టి నడుస్తాయని ఆవిడ సిద్ధాంతం. పత్తి గింజ నాటే రోజుల్లో ఎవరూ గడప తొక్కరు, మిర్చి అమ్ముకుని కళ్ళాలు ఖాళీ అయ్యాక వరస కడతారు. అందుకని పని తక్కువుండే నెలల్లో గురజాల, మాచర్ల వైపు ఊళ్ళకు పోయి మాట్లాడటం, రద్దీ నెలల్లో కదలకుండా ఆఫీసులో ఉండటం అని ఏడాదంతా పంచేవారు. కానీ మొదటి అంశం ఎప్పుడూ ఒకటే. పోయిన ఏడు విడిపోయినవాళ్ళు ఇప్పుడు ఎట్లా ఉన్నారు? ఒక్కొక్కరి పేరూ చెప్పి మమ్మల్ని అడిగేవారు. తెలియదంటే, "కాగితం చేతికిచ్చి సాగనంపేశామా? మరి దీన్ని సేవలని ఎందుకన్నాం?" అని కోప్పడేవారు. మాతోపాటు టైపిస్టు నాగమణి కూడా ఆ చివాట్లు తినేది.

మా వైపు ఒక పొరపాటు తరతరాలుగా జరుగుతోంది. పెద్దమనుషులు కూర్చుని, స్టాంపు కాగితం మీద 'నేటి నుండి మాకు సంబంధం లేదు' అని రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టిస్తే విడాకులైపోయాయనుకుంటారు. ఆ ధైర్యంతో పిల్లకు రెండో పెళ్ళి చేస్తారు, ఆ పిల్ల బతుకు కోర్టులో చిక్కుకుంటుంది. ఒక ఏడు మేడం ప్రణాళిక మొత్తాన్ని ఈ పొరపాటు సరిదిద్దే పనికే కేటాయించారు. గురజాల అవతల ఒక ఊళ్ళో పెద్దాయన మండిపడ్డాడు. ఏందమ్మా, మా మాట కన్నా మీ కోర్టు ముద్ర గొప్పదా అని లేచాడు. మేడం చేతులు జోడించి, "మీ మాట చానా గొప్పది బాబాయ్. కాకపోతే మీరు పోయాక మీ మాటను ఆ పిల్ల ఎక్కడ చూపిచ్చుకుంటది?" అన్నారు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత తన చేతుల మీద రాయించిన జంటలను తనే జీపులో ఎక్కించి మా ఆఫీసుకు పంపించాడు.

ఆవిడ సాధువని నేను అనను. కోపమొస్తే ఫైలు ఎదుటివాడి ఒళ్ళో పడేది. ఒక పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి, తను కుదిర్చిన సంబంధాలు చెడితే మా దగ్గరికే పంపుతాననీ, తనకు కమీషను ఇవ్వమనీ అన్నప్పుడు, వీధి చివరిదాకా వెంటపడి తిట్టారు. తిరిగి వచ్చి మంచినీళ్ళు తాగి, "వాడి ప్లానింగు మన ప్లానింగు కన్నా బాగుందిరా" అని నవ్వారు.

ఇక నా సంగతి. ఈ వైశాఖంలో మా అమ్మాయి శ్రావణికి పెళ్ళయింది. మగపెళ్ళివారు పెద్ద రైతులు, మాటా మర్యాదా తెలిసినవాళ్ళే. తాంబూలాలు పుచ్చుకున్న రోజు వియ్యంకుడు నన్ను పక్కకు పిలిచి, ఏమనుకోవద్దంటూనే, ఆ విడాకులావిడ పందిట్లో అక్షింతలు వెయ్యకుండా చూసుకోమన్నాడు. ఆ విడాకుల కూడు తినే నేను కన్యాదానం చెయ్యడానికి మాత్రం పనికొచ్చాను. ఆ మాట నేను అనలేదు. తల ఊపాను. శుభలేఖ సంచిలో పెట్టుకుని రోజూ ఆఫీసుకు వెళ్ళడం, రోజూ ఇంటికి తేవడం, ఇదే నా పనైపోయింది.

మేడం చూశారో, ఊహించారో తెలియదు. ఒక సాయంత్రం తనే పిలిచి, "ఒరేయ్ కోటీ, ఈ ఏడు ప్లానింగు మన శ్రావణి ముహూర్తం రోజునే పెట్టాల్సొచ్చింది. నేనూ నాగమణీ చూసుకుంటాంలే. పెళ్ళికి రాలేకపోతున్నా, ఏమనుకోబాక" అన్నారు. పిలవని పెళ్ళికి రాలేనని నాకు క్షమాపణ చెప్పారు. పర్లేదు మేడం అన్నాను. బరువు దిగినట్టయి, ఆ పూట ఇంట్లో కడుపునిండా అన్నం తిన్నాను.

దహనం అయ్యాక నాగమణి నాతో ఒక మాట చెప్పింది. పెళ్ళి రోజున మేడం కొత్త పట్టుచీర కట్టుకుని ఆఫీసుకు వచ్చారట. సమావేశం మధ్యలో గడియారం చూసి, మాట ఆపి, లేచి నిలబడ్డారట. "ఈపాటికి తాళి కడతా ఉంటారే. పిల్ల చల్లగా ఉండాలి" అని కళ్ళు మూసుకుని, మళ్ళీ కూర్చుని తర్వాతి అంశం చదవమన్నారట. ఆ చీర శ్రావణి పెళ్ళికని పుష్యమాసంలోనే కొనుక్కుందని మాస్టారు పక్కనుంచి మెల్లగా చెప్పారు. నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

విడిపోవడంలో కూడా మనిషి పరువు నిలబడాలని జీవితమంతా పాటుపడిన విదుషీమణి ఆవిడ. విరిగిన కాపురాల ఎదుట జంకకుండా కూర్చున్న ధీమంతురాలు. పల్నాడులో ఆ కుర్చీలో కూర్చోగల మనిషి మళ్ళీ దొరకదు. వచ్చే వైశాఖంలో ఆ సమావేశం నేనే జరపాలి. మొదటి అంశం ఆవిడ పెట్టిందే ఉంటుంది. ఆ మహనీయురాలికి నా నమస్సులు అర్పించే అర్హత ఉందో లేదో తెలియకుండానే అర్పిస్తున్నాను.

మొన్న శ్రావణి అత్తారింటి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. చిన్నప్పుడు ఆ ఆఫీసు బల్ల మీదే హోంవర్కు చేసుకుంటూ, మేడంను పెద్దమ్మా అని పిలుస్తూ పెరిగిన పిల్ల. "పెద్దమ్మ నా పెళ్ళికి ఎందుకు రాలేదు నాన్నా? ఒక్కసారి చూసుకునేదాన్ని గదా" అంది. ఆఫీసులో ప్లానింగు ఉందమ్మా, తీరిక దొరకలేదన్నాను. పాపం, నమ్మింది. అమ్మా శ్రావణీ, నీకు ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ నలుగురూ చదివేట్టు రాస్తున్నాను. మీ పెద్దమ్మ నీ పెళ్ళికి చీర కొనుక్కుని కూర్చుంది. నేను పిలవలేదు.