పైడితల్లికి ప్రసూతి సెలవు

అనకాపల్లి గవరపాలెంలో రెండు గదుల వాటాలో అద్దెకుండే సింహాచలం ఆడమనిషి. ఆమె మొగుడు పైడితల్లి మగవాడు, పైగా మీసాలున్నవాడు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఇది తెలియకే ఒక పెద్ద కంపెనీ, దాని హైదరాబాదు ఆఫీసు, ఆ ఆఫీసులోని ఖరీదైన కంప్యూటర్లూ కలిసి ఈ మొగుడూ పెళ్లాల చేత మూడు చెరువుల నీళ్లు తాగించాయి.

మా వైపు పేర్ల సంగతి మా వైపు వాళ్లకే తెలియాలి. నాతవరం దగ్గర పల్లెలో చెరుకూ వరీ పండించుకునే ఒకాయనకి ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. ఈసారి బిడ్డ నిలబడితే నీ పేరే పెట్టుకుంటానని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాడు. ఆడపిల్ల పుట్టింది, నిలబడింది. ఆడపిల్ల కదా అని దేవుడితో బేరాలాడతామా? సింహాచలం అని పెట్టాడు. తుమ్మపాలలో ఇంకో ఇంట్లో ఇలాగే ఒక తల్లి పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంటే మగపిల్లాడు పుట్టాడు. వాడు పైడితల్లి అయ్యాడు. తర్వాత పెళ్లిపత్రికలో చి. పైడితల్లి, చి.ల.సౌ. సింహాచలం అని అచ్చేయిస్తే, మా వైపు ఒక్కరంటే ఒక్కరు దాన్ని రెండోసారి చదవలేదు.

ఇద్దరూ పనిచేసేది ఒకే మందుల కంపెనీలో. ఆమె ప్యాకింగ్ లైనులో, అతను గోడౌన్‌లో. సింహాచలం ఇంటర్ చదివి, పెళ్లి కాకముందే ఆ పనిలో చేరింది. తన ఇంట్లో ఆడవాళ్లందరూ ఎండలో చేలో వంగి పనిచేసినవాళ్లే. తాను తలకి టోపీ, చేతికి తొడుగులు వేసుకుని చల్లటి హాల్లో పనిచేస్తుంది. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం ఉండేది, ఉండనిద్దాం. ఆ పనికి ఒకటే చిక్కు. షిఫ్టు మొత్తం నిలబడే చేయాలి.

అలా నిలబడి ఉండగానే కిందటిసారి కడుపు పోయింది. అప్పటికి అయిదో నెల. నిలబడ్డం వల్ల కాదమ్మా అని డాక్టరమ్మ నచ్చజెప్పింది. సింహాచలం తల ఊపింది గానీ నమ్మలేదు. ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో కూడా నిలబడి అంట్లు తోమడానికి భయపడేది. కూర్చునే తోమేది.

ఈసారి ఏడో నెల దాకా వచ్చింది. మొన్న శనివారం పరీక్షకి వెళ్తే డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ అద్దాలు తీసిందంటే మాట గట్టిగా చెప్పబోతోందని అర్థం.

"ఇంక నిలబడే పని వద్దు. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడమే నీ పని. సోమవారం నుంచి సెలవు పెట్టేయ్."

"మీరు సెప్పింతరవాత ఇంకేటుందమ్మా. పెట్టేత్తాను," అంది సింహాచలం.

ఒకప్పుడైతే సెలవు కావాలంటే టైమ్ ఆఫీసులో నానాజీ అనే గుమాస్తాకి చెప్పేవారు. ఆయన విసుక్కుంటూ రాసుకునేవాడు, మూడ్ బాగోకపోతే రాసుకునేవాడూ కాదు. ఈ ఏడు ఉగాదికి కంపెనీ యాప్ తెచ్చింది. సెలవులూ, షిఫ్టులూ, జీతం చీటీ అన్నీ ఫోన్లోనే. ఎవరి మొహం చూడక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు అని సింహాచలమే అందరికంటే ఎక్కువ సంతోషించింది. అయితే దానికొక కచ్చితమైన నియమముంది. సెలవు మంజూరు కాకుండా వరసగా వారం రోజులు రాకపోతే, పని మానేసినట్టేనని అది తనంతట తానే పేరు కొట్టేస్తుంది. మళ్లీ చేరితే కొత్త మనిషి కిందే లెక్క. కొత్త మనిషికి ప్రసూతి సెలవు రాదు.

శనివారం సాయంత్రం సింహాచలం ఫోన్లో యాప్ తెరిచి సెలవుల జాబితా చూసింది. మామూలు సెలవుంది, జబ్బు సెలవుంది, పితృత్వ సెలవని ఇంకోటుంది. ప్రసూతి సెలవు మాత్రం లేదు. ఫోన్ ఆపి మళ్లీ వేసింది. ఊఁహూఁ.

"బావా, నీ దాంట్లో సూడు ఓసారి."

పైడితల్లి తన ఫోన్ తీశాడు. అతని జాబితాలో ప్రసూతి సెలవు భేషుగ్గా ఉంది. దాని పక్కన గులాబీ రంగు పువ్వు బొమ్మ కూడా ఉంది.

ఇక్కడ మీరూ నేనూ అయితే ఆగి ఆలోచిస్తాం. పైడితల్లి కూడా ఆలోచించాడు. ఆలోచించి, రేషన్ కార్డు లెక్క వేశాడు.

"ఇంటికోటి ఇచ్చుంటారే సిమ్మాలూ. రేషన్ కార్డులా. ఇంటి పెద్ద నాను కదేటి, నాదాంట్లో పెట్టేరు. మరెందుకిస్తారు మొగోళ్లకి?"

మాట సబబుగానే ఉందనిపించింది ఆమెకి. ఒకే ఇల్లు, ఒకే కంపెనీ. డాక్టరమ్మ కాగితం ఫొటో తీసి ఎక్కించాడు, బొటనవేలితో నొక్కాడు. నొక్కిన వేలు తీసేలోపే జవాబు వచ్చింది. అభినందనలు, ఆరు నెలల సెలవు మంజూరైంది, బరువులెత్తకండి, పాలూ పళ్లూ బాగా తీసుకోండి.

సింహాచలం హాయిగా ఊపిరి తీసుకుంది. నానాజీ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు, కడుపు చూపించుకోవాల్సిన పని లేదు. ఆదివారం పైడితల్లి కోడి తెచ్చాడు. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అన్నారా?

సోమవారం ఆమె పడుకుంది, అతను పనికి వెళ్లాడు. గేటు దగ్గర మొహం చూసి లోపలికి పంపే మెషినుంటుంది. పైడితల్లి దాని ముందు నిలబడ్డాడు. గేటు తెరుచుకోలేదు. మెషిన్లోంచి తియ్యని ఆడగొంతు, వెనక వరసలో ఉన్న వాళ్లందరికీ వినపడేలా పలికింది.

"పైడితల్లి గారూ, మీరు ప్రసూతి సెలవులో ఉన్నారు. దయచేసి విశ్రాంతి తీసుకోండి."

వరస వరసంతా విరగబడి నవ్వింది. సెక్యూరిటీ కన్నబాబు కుర్చీ తెచ్చి ముందు పెట్టాడు.

"కూకో బావా, కూకో. నిలబడకూడదంట నువ్వు. ఎన్నో నెలేటి?"

"ఊరుకోరా బాబూ," అన్నాడు పైడితల్లి. అతని మొహం కందగడ్డలా ఉంది. నవ్వులాటగా తీసుకుందామనుకునేలోపే అతనికి అసలు సంగతి తట్టింది. సెలవు తనకి వచ్చిందంటే, సింహాచలానికి రాలేదు. ఇంట్లో పడుకున్న మనిషికి ఈరోజు నుంచే గైర్హాజరు పడుతోంది.

కన్నబాబు పక్క గేటు తీసి అతన్ని ఎచ్చార్ గదికి పంపాడు. అక్కడ రాజశ్రీ అనే అమ్మాయి ఉంటుంది. ఊళ్లోనే బెల్లం వ్యాపారం చేసుకునే వాళ్లమ్మాయి. ఆమె కంప్యూటర్ తెరిచి చూసి ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వు మానేసింది.

"ఇక్కడ మీరు స్త్రీ అని ఉందండీ. సింహాచలం అక్క పురుషుడు అని ఉంది."

"మరి మార్చెయ్యండి మేడమ్."

"అదే నా చేతిలో లేదు. ఆడా మగా అన్నది హైదరాబాదు వాళ్లే మార్చాలి. పోనీ, ముందు మీ సెలవైనా రద్దు చేద్దాం ఉండండి."

రద్దు చేయబోతే మెషిన్ ఒక ప్రశ్న అడిగింది. ప్రసవం అయిన తేదీ చెప్పమంది. రాజశ్రీ పైడితల్లి వైపు చూసింది. పైడితల్లి గోడ వైపు చూశాడు.

రాజశ్రీ హైదరాబాదుకి ఫిర్యాదు పెట్టింది. మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యం అని జవాబు వచ్చింది. మర్నాడూ అదే జవాబు, ఆ మర్నాడూ అదే. ఫోన్ చేస్తే పాట వినిపించేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి అయినా ఉంటే కాళ్లు పట్టుకునేవాళ్లు, మెషిన్‌కి కాళ్లెక్కడుంటాయి?

సింహాచలం ఎడమ పక్కకి తిరిగి పడుకుంది గానీ కంటికి కునుకు లేదు. ఫోన్లో ఎర్ర చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పేరుకుంటున్నాయి. ఒక్కో చుక్కా ఒక్కో గైర్హాజరు. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, లేచి వెళ్తే బిడ్డకేమవుతుందోనన్న భయం ఇంకో పక్క. ఈ రెంటిలో ఏది పెద్దదని తనని తానే అడుక్కుంది. బిడ్డే. మరి బిడ్డ పుట్టాక? ఈ ఉద్యోగం లేకపోతే మళ్లీ చేలోకే. తన తల్లి తనని గట్టు మీద గుడ్డ పరిచి పడుకోబెట్టి కలుపు తీసిన సంగతి ఆమెకి తెలుసు. తన బిడ్డని గట్టు మీద పడుకోబెట్టడం ఆమెకి ఇష్టం లేదు. ఎంత మాత్రం ఇష్టం లేదు.

శుక్రవారం పొద్దున్న లేచి చీర కట్టుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు పైడితల్లి.

"డ్యూటీకి."

"నీకు మతేటైనా పోయిందా? డాక్టరమ్మ ఏటి సెప్పింది?"

"ఆవిడ సెప్పింది సరే. ఈ పాడు యాప్‌కి ఎవులు సెప్తారు? లైన్లో నిలబడనులే. ఆ ఎచ్చార్ రూంలోనే కూకుంటాను. నన్ను సూసి సెప్పమను నాను మొగోణ్ణో ఆడదాన్నో."

ఆటో మాట్లాడి, గతుకుల దగ్గర మెల్లగా పోనిమ్మని దారిపొడుగునా ఆ డ్రైవర్‌ని చంపుకు తింటూ పైడితల్లి ఆమెని కంపెనీకి తీసుకెళ్లాడు. ఎచ్చార్ గదిలోకి అడుగుపెట్టేసరికి ఆమె మొహం పాలిపోయి ఉంది. రాజశ్రీ గబగబా తన కుర్చీ ఖాళీ చేసి అందులో కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది. ఆమెని చూస్తే ఇక ఫిర్యాదులతో పని కాదనిపించింది. పై మేనేజరుకి ఫోన్ చేసి, గట్టిగా మాట్లాడి, హైదరాబాదులో యాప్ చూసుకునే కుర్రాణ్ని వీడియో కాల్‌లోకి రప్పించింది. అతని పేరు వెంకటసాయికృష్ణ. మెళ్లో ఐడీ కార్డు, చెవుల్లో ఇయర్ ఫోన్లు. మర్యాదస్తుడు.

"నమస్తే. సింహాచలం గారిని పిలుస్తారా? సార్‌తో ఒకసారి మాట్లాడతాను," అన్నాడు.

సింహాచలం రాజశ్రీ ఫోన్ అందుకుని మొహం ముందు పెట్టుకుంది. తర్వాత మెల్లగా కిందికి, కడుపు మీదికి తిప్పింది.

"నానే బాబూ ఆ సార్‌ని. మొగోణ్ణైతే ఇదేటి మరి? పనసకాయ దాసేనా?"

వెంకటసాయికృష్ణ తెరకి దగ్గరగా జరిగాడు. "మరి... పైడితల్లి గారు?" అన్నాడు.

పైడితల్లి వంగి తెర నిండా మీసాలు చూపించాడు.

కుర్రాడు తల పట్టుకున్నాడు. అప్పుడు బయటపడింది సంగతి. నానాజీ రాసిందంతా సరిగ్గానే ఉంది. యాప్‌లోకి ఎక్కించేటప్పుడు ఈ కుర్రాడే చూశాడు. సింహాచలం, స్త్రీ, భర్త పేరు పైడితల్లి. పాపం ఎవరో తారుమారు రాశారనుకున్నాడు. కొండ పేరున్నది మగమనిషే అయ్యుంటాడు, తల్లి అన్నది ఆడమనిషి కాక ఇంకెవరు? అని దిద్దాడు. దిద్ది, మంచిపని చేశానని సంబరపడ్డాడు కూడా. అతన్ని తిట్టడానికి నోరు రాదు. పొరుగూరివాడికి ఇది తెలిసే దారేది? కానీ అయిదు రోజులుగా నలిగిపోయిన మనిషికి ఈ న్యాయాలు పట్టవు.

"ఓ పాలి ఫోన్ సేసి అడగొచ్చు కదా బాబూ," అంది సింహాచలం. "ఇంతకుముందు ఒకటి పోయింది నాకు. ఇది కూడా పోతే ఎవుల్ని అడగాలి నాను?"

వెంకటసాయికృష్ణ చెవుల్లోంచి ఇయర్ ఫోన్లు తీసేశాడు.

"తప్పు నాదేనమ్మా. మీరు కాల్ కట్ చెయ్యొద్దు. ఇప్పుడే, మీ కళ్ల ముందే చేస్తాను."

టకటకలు వినిపించాయి. మధ్యలో మెషిన్ అతన్ని కూడా ప్రసవం తేదీ అడిగినట్టుంది. అతను దాన్నేదో అన్నాడు, అది ఇక్కడ రాయదగ్గ మాట కాదు. పైడితల్లి కుర్చీ వెనక నిలబడి పెళ్లాం భుజం మీద చెయ్యేశాడు. సింహాచలం ఒళ్లో ఉన్న తన ఫోన్ చిన్నగా మోగింది. తెరిచింది. ఎర్ర చుక్కలన్నీ పోయాయి. వాటి చోట్లో గులాబీ పువ్వులున్నాయి.

"వచ్చిందా అమ్మా?" అన్నాడు అక్కణ్నుంచి.

సింహాచలం ఏడ్చేసింది, ఆగకుండా, చీర కొంగు తడిసిపోయేలా. రాజశ్రీ కూడా కళ్లు తుడుచుకుంది. పైడితల్లి రాజశ్రీ ఫోన్ వైపు వంగి, "వచ్చింది సార్, మీ పిల్లా పాపా సల్లగుండాలి" అన్నాడు. నాకింకా పెళ్లి కాలేదండీ అన్నాడా కుర్రాడు. అందరూ నవ్వారు. ఏడుస్తున్న మనిషి కూడా నవ్వింది. గేటు దాటుతుంటే కన్నబాబు ఏదో అనబోయి, సింహాచలం మొహం చూసి, ఆటోని గేటు దాకా పిలిచి నిలబెట్టాడు.

ఆ రోజు మధ్యాహ్నం పడుకున్న మనిషి మర్నాడు పొద్దుటి దాకా లేవలేదు. మొద్దు నిద్ర. పొద్దున్నే వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఇన్నేళ్ల అలవాటు, ఆమె గబుక్కున లేవబోయింది.

"పడుకో," అన్నాడు పైడితల్లి, క్యారేజీ సర్దుకుంటూ.

పడుకుంది. ఎడమ పక్కకి తిరిగింది. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి, పైడితల్లిని ఎక్కించుకుని వెళ్లిపోయింది. అప్పుడు లోపలున్నది గట్టిగా ఒక తన్ను తన్నింది, పక్కటెముక కింద. ఆమె చెయ్యి అక్కడ పెట్టుకుంది.

"తన్నుకోవే అమ్మా," అంది. అంతలోనే మాట మార్చింది. "తన్నుకోరా నాయనా. ఎవులివైతే నాకేటి? నీ ఇష్టమొచ్చినట్టు తన్నుకో. అమ్మకి సెలవు."