ఊరి ముందర బిగించిన ఇత్తడి మూత

మా పెద్దనాయన మొన్న మంగళవారం పొద్దున మార్కాపురం ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ కబురు పాలెం చేరిందో లేదో, "ఇంక ఆ కారు అమ్మేస్తారా?" అని ఒక పెద్దమనిషి ఆరా తీయించాడు. అమ్మం. ఆయన తాలూకు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మా జవాబు ఇదేనని చెప్పండి.

మాది క్రైస్తవుల పాలెం, కూలినాలి చేసుకునే ఇళ్ళు. పెద్దనాయన ఒక మిషను దొరసాని దగ్గర కారు తోలేవాడు. ఆమె తన దేశం పోతూ ఆ పాత కారును ఆయనకే ఇచ్చి వెళ్ళింది. దాన్ని మార్కాపురం, కంభం, గిద్దలూరు దారిలో బాడుగకు తిప్పాడు. నొప్పులు పడే ఆడవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, పెళ్ళివాళ్ళు, అందరూ ఎక్కినవాళ్ళే. మా పాలేనికి రావాలంటే మాత్రం ఆ దారిలో ఒక ఊరి నడివీధి దాటాలి. ఆ ఊరి పేరు రాయను. రాయకపోయినా వాళ్ళకు తెలుసు.

ఆ వీధిలో మావాళ్ళు చెప్పులు చేతబట్టుకుని నడవాలి. బండెక్కి పోకూడదు. కారు వచ్చాక పెద్దలు చావిడిలో కూర్చుని తీర్పు చెప్పారు. "కారు పోవచ్చు. తోలేటోడు మాత్రం ఊరి మొదట్లో దిగి నెట్టుకుంటా పోవాల" అని! ఇంజను ఉన్న బండిని నెట్టుకు పొమ్మన్న ఆ తెలివికి దండం పెట్టాలి.

ఇక ఆ కారు చక్రాలకు నడిమధ్యన ఒక్కో ఇత్తడి మూత ఉండేది. తిప్పి బిగించే లోపలి మర అరిగిపోయి, కంకర రోడ్డు మీద కుదుపులకు అవి ఊరికే వదులయ్యేవి. పైనున్న నికెలు పూత పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. మదరాసు నుంచి కొత్తవి తెప్పించమన్నారు కొందరు. "నికెలు పోతే ఏడ్చేదేంది? కింద ఇత్తడి ఉండాదిగా" అన్నాడు పెద్దనాయన. మిగిలిన పూతంతా గీకేశాడు. సొట్టలను లోపలినుంచి కొయ్యసుత్తితో మెల్లగా కొట్టి తీశాడు. మరకు మైనం పట్టించిన జనపనార పోగు చుట్టి, ఒళ్ళంతా బిగబట్టి తిప్పాడు. ఆపైన చింతపండు, మన మార్కాపురం పలకరాతి పొడి కలిపి రుద్దితే, అబ్బ, మొహం చూసుకోవచ్చు!

అంత బిగించినా ఒక్కోసారి కదిలేవి. అందుకని ఆ ఊరి మొదట్లో కారాపి, దిగి, చక్రం ముందర మోకాలు వంచి కూర్చునేవాడు. నాలుగు చక్రాల దగ్గరా అదే పని. మూత తిప్పి చూసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ఎక్కి హారన్ కొట్టుకుంటూ నడివీధిన పోయేవాడు. "వదులైంది ఏదైనా ఊరి ముందరే బిగించుకోవాల. ఊరి నడుమ చెయ్యి వణుకుతాది" అనేవాడు.

చావిడిలోంచి చూసేవాళ్ళకు అది ఎలా కనపడిందో తెలుసా? ఊరికి దండం పెడుతున్నాడనుకున్నారు! దిగుతున్నాడు, మోకాలు వంచుతున్నాడు, తల దించుతున్నాడు, ఇంకేం కావాలి? నెట్టుకు పొమ్మన్న మాట వాళ్ళే మరిచారు. మా పెద్దమ్మ ఈ సంగతి విని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఒకరోజు ఆ ఊరి పెద్దకాపు నలుగురిలో ఆయన్ను మెచ్చుకున్నాడు. నేను కారులోనే ఉన్నాను.

"ఏమోననుకుంటిరా, మర్యాద తెలిసినోడివే. దండం పెట్టందే ఊళ్ళోకి రావు."

నవ్వి ఊరుకుంటే సరిపోయేది. పెద్దనాయన ఊరుకోలేదు. "నేను మోకాలు వంచింది ఊరికి గాదయ్యా, చక్రానికి. మూత వదులైతాంది" అన్నాడు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ నోటికి తాళం వేస్తే ఏం పోయేది? మొండోడు రాజుకన్నా బలవంతుడంటారు, అందుకేనా ఇదంతా?"

"ఊరుకుంటే ఆ దండం నాదైపోతాదే" అన్నాడాయన. నేను మరవలేని మాట అదే.

ఆ వారంలోనే, ఆ ఊళ్ళో కారు నిలిపి ఒక బాలింతను ఇంట్లో దించి వచ్చేసరికి, ముందు చక్రం మూత పగిలి ఉంది. మైనం పోగు పట్టేసి ఉండడంతో తిప్పితే రాలేదు కాబోలు, గునపంతో పెకలించినట్టున్నారు. పైభాగం మాయం, మర ఉన్న కడియం మాత్రం చక్రానికే మిగిలింది. "ఇంక మూడు మూతలతో పో" అని ఎవరో గోడ వెనకనుంచి అరిచారు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ ఆ కడియాన్ని తడిమి చూసింది. లోపలికి పోయి తన పెళ్ళినాటి ఇత్తడి గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. దాని మీద చుట్టూ చుక్కలతో ఆమె పేరు కొట్టించి ఉంది. మార్కాపురం కంచరి ఆ గిన్నెను బోర్లించి, కడియానికి సరిపోయేలా కోసి, టంకం పెట్టాడు. "పేరు సాన పట్టి చెరిపేద్దునా?" అనడిగితే, పెద్దనాయన "మనిషి దిగాలన్నారు గానీ పేరు దిగాలన్లేదు కదా, ఉండనీ" అన్నాడట. ఆనాటినుంచి ఆయన చేసిన ప్రతి ప్రయాణంలోనూ ఆ నడివీధిలో మా పెద్దమ్మ పేరు కూడా పోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఆయన్ను అదే కారులో పాలేనికి తెచ్చాం. మా అన్న తోలుతున్నాడు. వెనక పెద్దమ్మ, నేను, మా ఒళ్ళో ఆయన. ఆ ఊరు కనపడగానే అన్న వేగం తగ్గించాడు. "ఏం చేద్దాం పెద్దమ్మా? పీనుగ ఉండాదని నెట్టుకు పొమ్మంటారేమో. చుట్టూ తిరిగి పోదామా?"

"ఆపు" అంది పెద్దమ్మ.

కారు దిగింది. ఎండలో, నేల మీద మోకాలు వంచి తన పేరున్న చక్రం ముందు కూర్చుంది. మూత తిప్పి చూసింది. కదల్లేదు. ఆయన బిగించిందే. కొంగుతో దుమ్ము తుడిచింది, కళ్ళు మాత్రం తుడుచుకోలేదు. చావిడి వైపు తిరిగి గొంతెత్తి చెప్పింది. "దండం గాదయ్యా! మూత చూసుకుంటాండా!"

మళ్ళీ ఎక్కి ఆయన తలను ఒళ్ళోకి తీసుకుంది. "హారన్ కొట్టి పోనీ నాయనా."

చావిడి అరుగు మీద పెద్దకాపు లేచి నిలబడ్డాడు. గౌరవమో, కోపమో నాకు తెలియదు. తెలుసుకోను కూడా. నేను కిటికీలోంచి వంగి ముందు చక్రాన్నే చూస్తున్నాను. చుక్కల పేరు కిందికి పోయి, పైకి లేచి, మళ్ళీ కిందికి పోయి, మళ్ళీ లేచి, ఆ వీధి చివరిదాకా ఎండకు మెరుస్తూనే ఉంది.