డాక్టరమ్మ కారు, మా కొలిమి

మొన్న బడంగ్‌పేట్ చౌరస్తాలో మా కారు ఆగినప్పుడు, ముందున్న పాత బండి ఒకటి గుప్పున పొగ వదిలింది. డీజిలు పొగ కాదు. సగం కాలిన పెట్రోలు పొగ. కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా, కళ్ళ వెనక ఎక్కడో నొప్పి పుట్టించే వాసన. నేను అనుకునేలోపే నా చెయ్యి పోయి అద్దం దించేసింది. "నానమ్మా, ఏసీ నడుస్తుంటే అద్దం తీస్తవేంది, పొగంత లోపలికే వస్తది" అని మనవడు విసుక్కున్నాడు. దండగ అంటే ఒంటికి పడని మనిషిని, వాడన్నది నిజమేనని తెలిసినదాన్ని, అయినా ఇల్లు చేరేదాకా అద్దం ఎక్కించనివ్వలేదు. ఎందుకో వాడికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. హైదరాబాదు చుట్టూ వరసగా ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. మా ఇబ్రహీంపట్నం నుంచి కూడా మగవాళ్ళు సద్దిగిన్నె పట్టుకొని పొద్దున్నే బస్సెక్కేవాళ్ళు. మేము కమ్మరోళ్ళం. ఇంటి ముందు రేకుల కింద పెద్దబాపు వీరాచారి కొలిమి ఉండేది. ఎండాకాలం చివర, మిరుగం, అంటే మృగశిర కార్తె దగ్గరపడుతుంటే, రైతులు మొండిపోయిన కర్రులు, కొడవళ్ళు, గడ్డపారలు తెచ్చి చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్ళు. ఎర్రగా కాలిన ఇనుము తొట్టినీళ్ళలో మునిగినప్పుడు లేచే ఆవిరి, బొగ్గు కమురు, చుట్టపొగ, అవతల పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన అన్నీ కలిసి మధ్యాహ్నమంతా ఆ రేకుల కిందే తిరిగేవి. మూడో తరగతి కాగానే నన్ను బడి మాన్పించి కొలిమి తిత్తి దగ్గర కూర్చోబెట్టారు. తాడు గుంజితే తోలుతిత్తి గాలి ఊదేది, గాలి తగిలితే నిప్పు లేచేది. పొద్దుగూకేసరికి నా చేతులు బొబ్బలెక్కి, అన్నం కలుపుకుంటే కారం మండేది.

మా బాపు సోమాచారి, పెద్దబాపుకు తమ్ముడు. సుత్తె వదిలేసి డ్రైవింగు నేర్చుకొని, కోస్తా నుంచి వచ్చి మా ఊళ్ళో దవాఖాన పెట్టిన డాక్టరమ్మ కారు నడిపేవాడు. నగరంలో ఉద్యోగం చేసిన విదేశీ దొర ఒకాయన తిరిగి పోతూ అమ్మిన కారది. స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. ముందు బస్సో లారీయో ఉంటే దాని అవతల ఏమొస్తున్నదో బాపుకు కనిపించదు కాబట్టి, నగరానికి పోయినప్పుడల్లా నన్ను కుడిపక్క సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. "చూడే" అంటే మెడ సాచి చూసి "ఖాళీ" అనో "లారీ వస్తున్నది" అనో చెప్పాలి. అదే నా పని. నా మాట మీదే బండి ముందుకు దూకేది.

ఆ కారు ఇంజను పక్కన చిన్న సొరకాయంత పంపు ఒకటి ఉండేది. బెల్టు తిప్పితే అది గాలి పీల్చి, గొట్టాల్లోంచి పొగ బయటికొచ్చే దారిలోకి ఊదేది. ఆ బెల్టు కీచుమని ఒకటే కూత. చెవులు పోతున్నాయని డాక్టరమ్మ రోజూ సతాయిస్తుంటే, ఒక ఆదివారం బాపు కారును కొలిమి ముందుకు తెచ్చి పెద్దబాపుకు చూపించాడు.

"ఇది తిత్తే గదరా తమ్మీ" అన్నాడు పెద్దబాపు వంగి చూసి.

"అవ్ అన్న. కని గాలి తీస్కపోయి పొగల కొడుతున్నది."

"పొగకు గాలెందుకురా? నిప్పుకు గావాలె గని! గంత పెద్ద కారు చేసినోళ్ళకు గీపాటి తెలివి, ఇకమతు లేకపాయె."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. పంపు విప్పేశారు. అది ఊడిన చోట మిగిలిన బొక్కలకు, కొలిమి గోడకు మెత్తే బంకమట్టిలోనే బూడిద, జనపనార కలిపి ముద్దలు చేసి కూరి, పైన రేకు చుట్టి తీగతో బిగించాడు పెద్దబాపు. కూత ఆగిపోయింది. "డాక్టరమ్మకు చెప్పకు బిడ్డా" అన్నాడు బాపు. "మోత పోయింది, ఆమెకు గంతే చాలు."

పంపును ఒక దుంగకు బిగించి, పాత సైకిలు చక్రం తగిలించి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. చక్రం తిప్పితే చాలు, నిప్పు బుసకొట్టింది. ఒక చేత్తో తిప్పుకుంటూ రెండో చేత్తో అచ్చంగిల్లలు ఆడుకునేదాన్ని. మిరుగం నాడు చెరువు చేపల పులుసు ఎంత కారంగా ఉన్నా చెయ్యి మండలేదు. ఇంటికి ఏదైనా ఊరికే రావడం నేను చూసింది అదే మొదలు. ఆ సంతోషం చాలా రోజులు నిలవలేదు.

ఇంజను వేడికి మట్టి ఆరి, ఎండిన చెరువులా పలిగేది. బండి కదిలితే టప్ టప్ మని చప్పుడు, దానితోపాటు ఆ తియ్యటి వాసన. "ఏమిటో సోమయ్యా, కారెక్కితే చాలు తల పగిలిపోతోంది" అనేది డాక్టరమ్మ కణతలు నొక్కుకుంటూ. "ఎండమ్మా" అనేవాడు బాపు. నేను కాళ్ళవైపు చూసేదాన్ని. ఇంటికొచ్చి చెబితే, "మట్టన్నంక పలుగుతది, మల్ల మెత్తాలె. కొలిమికి మెత్తుతలేమా?" అని పెద్దబాపు ఇంకో ముద్ద పెట్టేవాడు. రోజూ పొద్దున బాపు ఇంజనులో నీళ్ళు పోస్తుంటే నేను పక్కన నిలబడి ఆ మట్టి వంక చూసేదాన్ని. ఎవరూ చూడమనలేదు. చూడకపోతే అన్నం దిగేది కాదు.

శ్రావణంలో ముసురు పట్టింది. పెద్దబాపు బిడ్డ సత్తెక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పొద్దున నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే నగరానికి తీసుకుపోవాలంది. బాపు బానెట్ ఎత్తి నీళ్ళు పోస్తుంటే చూశాను. ఒక బొక్కలో మట్టి లేదు. మొత్తం రాలిపోయింది. చెప్పాలని నోరు తెరిచాను. ఎదురుగా పెద్దబాపు తడిసిన తువాలతో అక్క కాళ్ళు కప్పుతూ ఏడుస్తున్నాడు. నోరు మూసుకున్నాను.

వానకు అద్దాలన్నీ ఎక్కించారు. మంగళ్‌పల్లి దాటేదాకా వెనకసీట్లో అక్క అరుస్తూనే ఉంది. బొంగ్లూరు దగ్గరికొచ్చేసరికి అరుపు మూలుగైంది. తరవాత అదీ తగ్గింది.

"నొప్పులు తగ్గినట్టున్నయ్" అన్నాడు బాపు.

నేను వెనక్కి తిరిగి చూశాను. అక్క కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఆమె తల ఒడిలో పెట్టుకున్న డాక్టరమ్మ అద్దానికి ఆనుకొని, నోరు కొద్దిగా తెరుచుకొని, తూగుతోంది. నా తలలో దాగలి మీద సుత్తె పడుతున్నట్టు ఉంది. ముందు బస్సు అడ్డమొచ్చింది. "చూడే" అన్నాడు బాపు.

"రెండు లారీలు బాపూ, పక్కపక్కన."

బాపు ఆగాడు. దాటిపోయింది ఒక్క లారీ. "ఒక్కటే గదనే, కండ్లు కనవడ్తలేవా?" అని కసిరాడు.

పొగ వల్ల నా కళ్ళకు ఒకటి రెండుగా కనబడుతున్నదని అప్పుడు తెలిసింది. అద్దం దించి వెనక్కి తిరిగి అరిచాను. "డాక్టరమ్మా, లే! పొగ లోపలికొస్తున్నది! పంపు తీసి మా కొలిమికి పెట్టిన్రు, బొక్కలకు మట్టి పెట్టిన్రు, మట్టి రాలిపోయింది!"

"నోర్ముయ్యే!" అన్నాడు బాపు. కానీ బండి ఆపాడు.

వాన జల్లు మొహాన కొడితే డాక్టరమ్మ తేరుకుంది. తలుపు తీసి అక్క తలను బయటి గాలికి పెట్టి, చెంపల మీద కొడుతూ, "ఎన్ని రోజులైందయ్యా?" అంది. బాపు స్టీరింగు వదల్లేదు. "రెండు నెలలు దాటిందమ్మా" అన్నాడు. ఆమె "అద్దాలన్నీ దించు, పద" అంది. మిగిలిన దారంతా తన కొంగు అక్క మొహం మీద పందిరిలా పట్టుకొని తడుస్తూనే కూర్చుంది.

ఆడపిల్ల పుట్టింది. నీలంగా ఉందట, ఏడవడానికి చాలాసేపు పట్టిందట. డాక్టరమ్మ వరండాలోకి వచ్చి, "బతికింది. మిగతాది పెరిగేకొద్దీ తెలుస్తుంది" అంది. ఆ రెండో మాట నన్ను ఏళ్ళ తరబడి పట్టుకుంది.

నగరంలో మెకానిక్కు బాపుకు విడమరిచి చెప్పాడు. పొగలో ఇంకా కాలకుండా మిగిలింది ఉంటుందని, వేడి మీద దానికి గాలి తగిలితే అదీ కాలిపోయి విషం తగ్గుతుందని, పంపు ఉన్నది అందుకేనని. బాపు వచ్చి చెబితే పెద్దబాపు కొలిమి వంక చూసి, "ఇనుము రంగు చూసి వేడి చెప్పేటోన్ని. పొగల సుత మంటుంటదని ఎరుక లేకపాయె" అన్నాడు. పంపును తువాలలో చుట్టి, నెత్తిన పెట్టుకొని పోయి దవాఖాన మెట్ల మీద దించి వచ్చాడు.

బాపు తాళంచెవి ఇవ్వబోతే డాక్టరమ్మ అన్నదట: "పొరపాటుకు నిన్ను మాన్పించను సోమయ్యా. నాకు తలనొప్పి అన్నప్పుడల్లా ఎండ అన్నావే, దానికి మాన్పిస్తున్నాను." బాపు కూడా సద్దిగిన్నెతో ఫ్యాక్టరీ బస్సెక్కాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఏడాదిపాటు మాత్రం పేరుపెట్టి పిలవలేదు. "ఇగో, డాక్టరమ్మొచ్చింది" అనేవాడు.

నేను మళ్ళీ తిత్తి తాడు పట్టాను. పాప యాదమ్మను ఒడిలో పెట్టుకొనే గుంజేదాన్ని. ఈడు పిల్లలు కూర్చుంటే అది దొర్లేది. వాళ్ళు నడిస్తే అది కూర్చుంది. వాళ్ళు మాట్లాడితే అది ఊరికే చూసేది. వినిపిస్తున్నదో లేదోనని రోజూ దాని వెనక చేరి పళ్ళెం మీద గరిటెతో కొట్టేదాన్ని. తల తిప్పేది, నవ్వేది, మాట మాత్రం లేదు. తప్పంతా ఆ పొద్దున నేను మూసుకున్న నోరేనని అనిపించేది, ఎవరికీ చెప్పుకోలేదు. మూడేళ్ళు దాటాక సద్దుల బతుకమ్మ నాడు, నువ్వుల సద్ది చిటికెడు నోట్లో పెడితే చప్పరించి, "ఇంగ పెట్టు" అంది. కొలిమి దగ్గర సుత్తె చప్పుడు ఆగిపోయింది. పెద్దబాపు లేచి ఇంటి వెనక్కి పోయాడు. నేను గిన్నె మొత్తం దాని ముందు పెట్టేశాను.

ఇప్పుడు కొలిమి ఉన్న చోట షట్టర్ల దుకాణాలు ఆరు. నాగళ్ళు లేవు, కర్రులు కాల్చేవాళ్ళు లేరు. బంకమట్టి ఎంత పలచగా కలిపితే పలగదో తెలిసిన చేతులు లేవు. సత్తెక్క కూడా పోయింది. యాదమ్మ జల్‌పల్లిలో ఉంటుంది, మనవలను ఎత్తింది. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. "చిన్నమ్మా, ఇయ్యాల నల్లా రాలే, కోడలు అలిగింది, టమాటలు పిరమైనయ్" అని మొదలుపెడితే అంతూ పొంతూ ఉండదు. ఎవరి ఫోనైనా నేను రెండు మాటల్లో పెట్టేస్తాను, ఇంట్లో అందరికీ తెలుసు. యాదమ్మ ఫోను మాత్రం, తను పెట్టేదాకా చెవి దగ్గరే ఉంచుకుంటాను.